పాదరసం బద్ధకం

చంద్రవంక రాజ్యపు యువరాజుకు అచలుడని పేరు పెట్టిన పురోహితుడు ఆ తర్వాత ఇంకెవరికీ పేరు పెట్టే సాహసం చేయలేదు. అచలుడంటే కదలనివాడు. ఈ అచలుడు ఉయ్యాలలో ఉండగానే ఉయ్యాల ఊపే దాసికి పని లేకుండా చేశాడు. పెద్దవాడయ్యాక కూర్చుంటే కాలు ఊపేవాడు, నిలబడితే వేళ్ళు విరిచేవాడు, పడుకుంటే తెల్లారేసరికి మంచం ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరకు చేరేది. చంద్రవంకలో అందరూ అతణ్ణి ముద్దుగా 'పాదరసం' అని పిలిచేవారు. ఆ మాట వింటే అతడు మురిసిపోయేవాడు కూడా.

అలాంటి పాదరసం ఆ ఉదయం డోలాపురం కోట ఎదుట, వేలాడే వంతెన నడిమధ్య, గంగిరెద్దులవాడి వేషంలో, ఒక కాలు గాల్లో ఉంచుకుని కొయ్యబారి నిలబడి ఉన్నాడు.

"కాలు దించకండి" అంది వెనక నుంచి మంజీర.

"దించకపోతే ఎలా రాకుమారీ? ఎంతసేపని ఇలా కొంగలా..."

"మాట్లాడేటప్పుడు చెయ్యి కూడా ఊపకండి!"

డోలాపురం కోట అందం చెప్పాలంటే ఒక పూట చాలదు. పచ్చలు తాపిన బురుజులు, ముత్యాల ముగ్గు పరిచినట్టుండే మేడల వరసలు, ప్రతి మేడకూ గాలికి ఊగే గంధపు చెక్క ఉయ్యాలలు, వాటి మీద కునికిపాట్లు పడే నెమళ్ళు. కోట వెనక నల్లటి మేఘశిల పర్వతం. పిడుగులన్నీ పుట్టింటికి వచ్చినట్టు వచ్చి దాని మీదే పడతాయి. కోట ముందు అగాధమైన లోయ. లోయ మీద ఇనుప గొలుసులకు కట్టిన చెక్క వంతెన. వంతెన అవతలి కొసన, వాకిలికి అటూ ఇటూ నోళ్ళు తెరుచుకున్న రెండు కంచు సింహాలు. ఇంత అందాన్నీ చూసే తీరిక అచలుడికి లేదు. ఎందుకంటే క్షణం క్రితం, అతడు నాలుగు అడుగులు గబగబా వేయగానే, ఎడమ సింహం నోట్లోంచి మెరుపొకటి చీల్చుకుని వచ్చి అతడి పెట్టుడు మీసంలో సగం కాల్చేసింది.

ఈ సింహాలు డోలాపురం శిల్పుల పని కాదు. మంచుదీవుల నుంచి దిగిన క్షణప్రభుడనే మాంత్రికుడి పని. వాడు పిడుగుల్ని రాగిరేకు చుట్టిన జాడీల్లో పట్టి దాచగలడు. రాగితీగ తగిలిస్తే ఆ మెరుపు తీగ వెంట పారుతుంది. తీగ తెగితే ఆగుతుంది. ఎక్కడ తెగాలో, ఎప్పుడు కలవాలో తేల్చే మీటలు చేయడంలో వాణ్ణి మించినవాడు లేడు. ఆ విద్యతోనే కోటను పట్టుకున్నాడు. మంజీర తండ్రి సుగంధభూపతిని సింహాసనానికీ, తల్లి కువలయాదేవిని రాగి పంజరానికీ పరిమితం చేశాడు. మంజీర ఒక్కతే తప్పించుకుని చంద్రవంక చేరి అచలుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఇప్పుడు తలపాగా చుట్టి, సన్నాయి చంకన పెట్టుకుని, గంగిరెద్దులవాడి తమ్ముడి వేషంలో ఉంది.

ఇక మిగిలింది ఎద్దు. దాని పేరు సింగారయ్య. దారిలో ఒక గంగిరెద్దులాయన అచలుడి గుర్రాన్ని తీసుకుని ఈ ఎద్దునిచ్చాడు. ఇస్తూ ఒక్క మాట చెప్పాడు. "ఆట అయిపోగానే బెల్లం ముక్క పెట్టాలయ్యా. పెట్టకపోతే మెల్లిగా వచ్చి కుమ్ముతాడు. కోపంతో కాదులెండి, గుర్తు చేయడానికి." అందుకే అచలుడి నడుముకు బెల్లం సంచి వేలాడుతోంది.

ఆ సింగారయ్యకు వంతెన మీద నిలబడి నిలబడి విసుగొచ్చింది. ముందున్న మనిషి కదలడు, వెనకున్న మనిషి కదలనివ్వదు. అతడు అచలుణ్ణి పక్కకు ఒరుసుకుంటూ, మెడలో గంటలు కూడా మోగనంత నిదానంగా, నడుచుకుంటూ పోయాడు. వంతెన అటు వాలింది, ఇటు వాలింది. మంజీర కళ్ళు మూసుకుంది.

సింహాలు నోరెత్తలేదు. సింగారయ్య అవతలి గట్టు చేరి తోకతో ఈగలు తోలుకోసాగాడు.

"అంత బరువున్న ఎద్దు పోతే ఊరుకున్నాయి, నేను అడుగేస్తే మీసం కాల్చాయి! నా మీద ఏమిటి వీటి పగ?" అన్నాడు అచలుడు.

మంజీర వంతెన పక్క గొలుసుకు అడ్డంగా కట్టి ఉన్న వస్తువు మీదికి వంగింది. వేలెడు గాజు గొట్టం. పడుకోబెట్టిన నెలవంకలా మధ్యలో కొద్దిగా కిందికి వంగి ఉంది. ఆ వంపులో ఒక పాదరసపు బొట్టు. గొట్టం రెండు కొసల్లోనూ రెండేసి రాగితీగల మొనలు, ఒకదానికొకటి తగలకుండా దగ్గర దగ్గరగా. మంజీర గొలుసును అతి నెమ్మదిగా పక్కకు నెట్టింది. బొట్టు గొట్టంతోపాటే జరిగింది. ఆమె చటుక్కున కుదపబోయి, అచలుడి ముఖం చూసి మానుకుంది.

"అర్థమైంది. యువరాజా, మిమ్మల్ని పాదరసమని పిలుస్తారు కదా?"

"అవును. అంత చురుకని."

"ఎవరో మిమ్మల్ని మోసం చేశారు. పాదరసమంత బద్ధకస్తురాలు లోకంలో లేదు. చూడండి. వంతెన చటుక్కున కుదిపితే గొట్టం పరుగెడుతుంది గానీ ఈ బొట్టు ఉన్నచోటే కూర్చుంటుంది. అప్పుడు కొసన ఉన్న తీగలే వచ్చి దానికి తగులుతాయి. దాని ఒంటి మీదుగా రెండు తీగలూ కలుస్తాయి, సింహం మెరుపు కక్కుతుంది. నెమ్మదిగా జరిపితే మాత్రం 'సరే పోదాం పద' అని గొట్టంతోపాటే వచ్చేస్తుంది."

"అయితే ఈ మీటకు కదలిక మీద కోపం లేదు."

"తొందర మీద కోపం. బాగా వాలిస్తే కూడా జారి కొసకు పోతుందనుకోండి. కానీ సింగారయ్య వాల్చిన పాటి వాలుకు ఈ వంపు దాన్ని ఆపుతోంది."

అచలుడు గాల్లో ఉన్న కాలును దించాడు. జన్మలో ఏ పనీ అంత నెమ్మదిగా చేసి ఎరగడు. చెమటలు పట్టాయి. అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలు కూడా అలా నడవదని వెనక నుంచి మంజీర మెచ్చుకుంటుంటే పళ్ళు కొరుక్కుంటూ, పళ్ళు కూడా నెమ్మదిగానే కొరుక్కుంటూ, మొత్తానికి గట్టు చేరాడు.

*

డోలాపురం గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ దేశంలో మాటకంటే తలఊపుకే విలువ. తలను ముందుకు ఊపితే 'వింటున్నాను' అని. అటూ ఇటూ తిప్పితే 'వద్దు' అని. ఒక పక్కకు, చెవి భుజానికి దగ్గరయ్యేలా వాల్చి ఊపితే 'సరే' అని. గుండ్రంగా తిప్పితే 'చూద్దాం' అని, అంటే ఆ పని ఇక ఎప్పటికీ జరగదని. రాజుగారైనా సరే, నోటితో ఎన్ని చెప్పినా చెల్లదు. నిండు సభలో తల ఎలా ఊపితే అదే శాసనం. పైగా ఏ శాసనానికైనా ముందు గంగిరెద్దు వచ్చి తల ఊపాలి. అది అక్కడి ఆచారం. ఎవరు ఎప్పుడు పెట్టారంటే అందరూ గుండ్రంగా తల తిప్పుతారు.

క్షణప్రభుడికి కావలసింది మేఘశిల. అది వాడి చేతికి చిక్కితే ఆకాశంలో మెరుపంతా వాడి జాడీల్లోకి దిగుతుంది, వానలు కూడా వాణ్ణి అడిగి కురవాలి. బలవంతంగా లాక్కుంటే ప్రజలు తిరగబడతారని, రాజుచేత సభలో ఒప్పించాలనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ముహూర్తం. ఆచారం కోసమని ఊళ్ళోకి వచ్చిన మొదటి గంగిరెద్దును తెమ్మన్నాడు. అలా మన ముగ్గురూ రాజభటుల మర్యాదలతో సభలోకి నడిచారు.

సభామండపం నిండా జనం. చిలకపచ్చ పట్టు తెరలు, పగడపు స్తంభాలు, నడుమ ఏనుగు దంతపు సింహాసనం. దాని మీద సుగంధభూపతి మెడలో కర్ర దూర్చినట్టు బిగుసుకుని కూర్చున్నాడు. తల మీద తళతళలాడే కిరీటం. కిరీటం వెనక నుంచి రాగితీగ ఒకటి బయల్దేరి, స్తంభం వెంట పాకి, వరసగా పేర్చిన జాడీల దగ్గరకు పోయింది. ఇంకొక తీగ రాగి పంజరానికి పోయింది. పంజరంలో కువలయాదేవి పీట వేసుకుని కూర్చుని ఉంది.

"కదలకండి" అంటోంది ఆవిడ భర్తతో. "మెడ పట్టేసిందా? రాత్రి తలగడ ఎత్తుగా పెట్టుకోవద్దంటే విన్నారా? అయినా ఆ కిరీటం మీకేం బాగాలేదు. పెళ్ళినాటిదే నయం."

"కువలయా, కాసేపు ఊరుకో" అన్నాడు రాజు పెదవులు మాత్రమే కదుపుతూ. ఆయన కళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. తల్లి గొంతు వినగానే మంజీర సన్నాయిని గట్టిగా పట్టుకుంది. అచలుడు ఆమె కాలు తొక్కి హెచ్చరించాడు, అదీ కొంచెం గట్టిగానే.

క్షణప్రభుడు చెక్క పాదుకల మీద టకటకమంటూ వచ్చాడు. మంచులాంటి గడ్డం, చేతులకు తోలు తొడుగులు. వాడి దృష్టి అచలుడి మీద పడింది.

"ఓరీ, నీ మీసం సగమే ఉన్నదేమిరా?"

"మొక్కు దొరా! సగం మొక్కు తీరింది. మిగతా సగం పని అయ్యాక ఇస్తానని చెప్పా" అన్నాడు అచలుడు వంగి దండం పెడుతూ.

సభలో నవ్వులు. క్షణప్రభుడు చేయెత్తి ఆపాడు. "సభాసదులారా! ఈ కిరీటము నా విద్యకు పరాకాష్ఠ. మీ రాజు నిలువుగా తల ఊపి ఔనన్నాడా, క్షేమము. అడ్డముగా తిప్పి కాదన్నాడా, ఈ జాడీలలోని పిడుగంతయు రాణిగారి పంజరములోనికి దూకును!"

అచలుడి చూపు కిరీటం మీదనే ఉంది. నొసటికి పైన, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, కెంపుల వరస మధ్యలో, కొద్దిగా కిందికి వంగిన గాజు గొట్టం. నడుమ వెండిలా మెరుస్తున్న బొట్టు. వంతెన మీది అన్నయ్యకు ఇది తమ్ముడు. తల ముందుకు ఊపితే బొట్టు పక్కలకు పోదు. చటుక్కున అటూ ఇటూ తిప్పితే కొసన తీగలు వచ్చి తగులుతాయి. అంతవరకు మాంత్రికుడి లెక్క సరిగ్గానే ఉంది. మంచుదీవుల చలికి అక్కడివాళ్ళ మెడలు బిగుసుకుపోయి, వాళ్ళకున్నవి రెండే ఊపులు. నిలువుగా ఔను, అడ్డంగా కాదు. వాడు ఆ రెంటికే మీట చేశాడు.

ముందు ఆచారం కానిచ్చారు. సింగారయ్య తల ఊపాడు, రాజుకు దండం పెట్టాడు, రాణికి దండం పెట్టాడు, క్షణప్రభుణ్ణి చూసి మాత్రం పక్కకు తిరిగాడు. క్షణప్రభుడు సింహాసనం ముందు నిలబడి గొంతెత్తాడు.

"సుగంధభూపతీ! మేఘశిలను నాకు ధారపోయుదువా?"

రాజు పంజరం వైపు చూశాడు. తల ముందుకు ఊపాడు.

"విజయము!" అని మాంత్రికుడు ఎగిరి గంతేశాడు. పాదుకలు టకటకలాడాయి. "ఒప్పుకొనెను! శాసనము వ్రాయుడు!"

ఎవ్వరూ కదలలేదు. ముందు ఒక ముసలి మంత్రి చేయి అడ్డం పెట్టుకుని దగ్గాడు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. చివరికి సభంతా పొట్టలు పట్టుకుంది.

"ఎందుకా నవ్వు?" అన్నాడు క్షణప్రభుడు ఎర్రబడి.

"అయ్యో నాయనా, అది ఒప్పుకోవడం కాదు. 'వింటున్నాను, చెప్పు' అన్నారు అంతే" అంది కువలయాదేవి పంజరంలోంచి జాలిగా. "నాకూ పెళ్ళైన కొత్తలో అలాగే పొరపాటు జరిగింది. నగలు చేయిస్తారా అంటే తల ఊపారు. పెట్టె తాళం చెవి తెచ్చుకుని కూర్చున్నాను."

నవ్వులు రెట్టింపయ్యాయి. క్షణప్రభుడి గడ్డం అదిరింది. "చాలు! మీ దేశములో ఔననుట యెట్లో అట్లే ఊపుము రాజా! సూర్యుడు ఆ స్తంభము దాటులోగా ఊపకున్నచో నా చేతులతోనే తీగలు కలిపెదను!"

సుగంధభూపతి నిట్టూర్చాడు. భార్యను కాపాడుకోవాలి. మేఘశిల పోతే పోయింది. ఆయన ఎడమ చెవి ఎడమ భుజం వైపు బయల్దేరడానికి సిద్ధమైంది.

అచలుడికి అప్పుడు తట్టింది. పక్కకు వాలిస్తే బొట్టు జారి నేరుగా కొసకు పోతుంది! వంతెన వాలు వేరు, భుజానికి చెవి ఆనించే వాలు వేరు. ఈ దేశపు 'సరే' మాంత్రికుడి మీటకు 'వద్దు' కంటే ప్రమాదం. వాడికి ఆ సంగతి తెలియదు, రాజుకు అంతకన్నా తెలియదు. ఒప్పుకుని భార్యను కాపాడుకుందామనుకుంటున్న మనిషి ఆ ఒప్పుకోవడంతోనే ఆమెను చంపుకోబోతున్నాడు. ఆగమని అరుద్దామా? అరిస్తే రాజు ఉలిక్కిపడతాడు. ఉలికిపాటు ఒక్కటి చాలు. ఎప్పుడూ ఎగిరి దూకే అచలుడికి ఎగిరి దూకడం వల్ల ప్రయోజనం లేని చోటు జీవితంలో మొదటిసారి ఎదురైంది.

"దొరా!" అన్నాడు మెత్తగా, జోలపాట అందుకుంటున్నవాడిలా. "బసవన్న మొదటి ప్రశ్నకే కదా ఊపాడు. ఇది రెండో ప్రశ్నాయె. మళ్ళీ ఊపకపోతే శాసనం చెల్లదేమో..."

"చెల్లదు, చెల్లదు" అంది రాణి వెంటనే. సభంతా తలలు పక్కకు వాల్చి ఊపింది.

"త్వరగా కానిమ్ము!" అన్నాడు క్షణప్రభుడు.

అచలుడు మంజీర వైపు చూశాడు. ఆమె సన్నాయి ఎత్తింది. చిన్నప్పుడు తండ్రి తనను ఉయ్యాలలో వేసి పాడిన జోలను, ఒక్కో స్వరానికి ఒక్కో ఊపిరి ఖర్చు పెడుతూ వాయించింది. సింహాసనం మీద సుగంధభూపతి కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. తల మాత్రం కదల్లేదు. తలపాగా కింద ఆ కళ్ళు ఎవరివో ఆయన పోల్చుకున్నాడు.

"అయ్యా సింగారయ్యా" అని అందుకున్నాడు అచలుడు. "నీకు పక్కవాటు అచ్చిరాదు, అమ్మగారికి అసలే అచ్చిరాదు. ఊగే వంతెన మీద ఎట్లా వచ్చావయ్యా? నిమ్మళంగా వచ్చాను. గొడుగు పట్టినట్టు తల నిలిపి, నిండు కడవ మోసినట్టు మెడ తిప్పి, నీ మనసులో మాట అయ్యగారికి చూపెట్టు సింగారయ్యా!"

అంటూ ముక్కుతాడు పట్టుకుని ఎద్దు తలను అటు తిప్పడం మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదిగా అంటే, గంగడోలు కూడా ఊగలేదు. అచలుడి కాలివేళ్ళు దురద పెట్టాయి, మోకాలు జివ్వుమంది, చేతివేళ్ళు విరవమని బతిమాలాయి. ఒక్కదాని మాటా వినలేదు. కళ్ళు మాత్రం రాజు కళ్ళలో పెట్టి ఉంచాడు. సింగారయ్య ముక్కు ఎడమ భుజం దాకా పోయింది. మళ్ళీ అంతే నిమ్మళంగా కుడి భుజం దాకా వచ్చింది.

సుగంధభూపతికి ఎంత అర్థమైందో ఎవరూ చెప్పలేరు. కూతురి జోలను మాత్రం నమ్మాడు. తలను నిటారుగా నిలిపి, సన్నాయి స్వరాన్ని పట్టుకుని, ఎడమకు తిప్పసాగాడు.

"ఏమండీ!" అంది రాణి. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. తర్వాత సర్దుకుంది. "కానివ్వండి. నాకేం భయం లేదు" అంది. భయం ఉంది. రెండు చేతులతోనూ పంజరం కమ్మీలను పట్టుకుంది.

క్షణప్రభుడు జాడీల వైపు తిరిగి చెవులు మూసుకుని నవ్వుతూ నిలబడ్డాడు. అచలుడు కిరీటంలోని బొట్టునే చూస్తున్నాడు. రాజు తల తిరుగుతోంది. గొట్టం తిరుగుతోంది. బద్ధకపు బొట్టు కదలనా వద్దా అన్నట్టు ఒకసారి వణికి, పోనీలే అని గొట్టం వెంట బయల్దేరింది. ఎడమ భుజం. మళ్ళీ నడిమికి. కుడి భుజం.

పంజరంలో చిటపట కూడా లేదు.

శాసనాల భేరి దగ్గర కూర్చున్న ముసలాయన నిద్ర లేచినట్టు లేచి దబదబా వాయించాడు. "ప్రభువులవారు వద్దన్నారు! మేఘశిలను ఇచ్చేది లేదన్నారు! ఇదే శాసనం!"

సభ హోరెత్తింది. అచలుడు అంతసేపు బిగబట్టిన కదలికంతా ఒక్కసారే తెగింది. "ఆహా!" అని మూరెడెత్తు ఎగిరాడు. తలపాగా ఊడి దొర్లింది, బెల్లం సంచి తెగి సింహాసనం మెట్ల మీద పడింది, మిగిలిన సగం మీసం ఎటుపోయిందో తెలియదు. చంద్రవంక రాజవంశపు నీలాల కుండలాలు రెండు చెవులకూ తళుక్కుమన్నాయి.

"యువరాజా!" అని మంజీర నుదురు కొట్టుకుంది.

క్షణప్రభుడు గిరుక్కున తిరిగాడు. కుండలాలు చూశాడు, నుదురు కొట్టుకున్న చేతికి గాజులు చూశాడు. మరుక్షణం ఒక జాడీ అందుకుని నేలకేసి కొట్టాడు. కళ్ళు చెదిరే వెలుగు, చెవులు పగిలే మోత, పట్టు తెరలకు మంటలు. రాజు మాత్రం రెండు చేతులతో తల పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. జనం హాహాకారాలతో వాకిళ్ళ మీద పడ్డారు. మాంత్రికుడి భటులు మంజీరను పట్టుకున్నారు. ఆమె సన్నాయితో ఒకడి ముక్కు పగలగొట్టింది గానీ లాభం లేకపోయింది.

"శాసనము పోయిన పోనీ! బలవంతముగా తీసుకొందును!" అని గర్జించాడు క్షణప్రభుడు. కిరీటం వెనక శీల తిప్పి రాజు తల నుంచి ఊడదీశాడు. "ముసలి దంపతులను బయటకు నెట్టుడు. ఈ పిల్లను పంజరములో పెట్టుడు. ఓరీ యువరాజా, నా మీట మర్మము నీకెట్లు తెలిసెనో తీరికగా అడిగెదను. అందాక నీ తల ఈ కిరీటమును మోయునా, లేక ఈమెను ఇప్పుడే దహింపమందువా?"

"మోస్తాను! పెట్టు!" అన్నాడు అచలుడు. ఆలోచించే అలవాటు అతడికి ఎన్నడూ లేదు. ఉన్నా ఇదే అనేవాడు.

మాంత్రికుడు తొడుగుల చేతులతో వంగిన గొట్టాన్ని పీకి పారేశాడు. సంచిలోంచి రెండు కొత్త గొట్టాలు తీసి ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని నిలువుగా బిగించాడు. "వీటికి వంపు లేదు, దయ లేదు. నిదానముగా ఊపినను సరే, తొందరగా ఊపినను సరే, నాలుగు దిక్కులలో ఏ దిక్కునకు వాలినను బొట్టు కొసకు పోవును." అచలుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, తల సమంగా నిలిపి, కిరీటం పెట్టి శీల తిప్పాడు. "నేను మేఘశిల నెక్కి వచ్చుదాక ఆసీనుడవై యుండుము."

పాదుకల టకటకలు దూరమయ్యాయి. భటులు తెరల మంటలు ఆర్పి, తలుపులు బయట నుంచి మూశారు. ఎండ కిటికీలోంచి సింహాసనం మీద పడుతోంది. ఇంత విశాలమైన మండపంలో మిగిలింది సింహాసనం మీద అచలుడు, పంజరంలో మంజీర.



"యువరాజా" అంది మంజీర. "మీ పేరేమిటన్నారు?"

"అచలుడు" అన్నాడు అతడు పెదవులు కదపకుండా.

"ఆ పేరు పెట్టిన పురోహితుడికి బతికుంటే పట్టుబట్టలు పెడతాను."

"నన్ను నవ్వించకండి."

"నవ్వించను. భయంగా ఉంది, అందుకే వాగుతున్నాను. మీరు కుదురుగా ఉండగలరా?"

అచలుడి కాలు ఊగడానికి బయల్దేరింది. దాన్ని నేలకు అదిమి పట్టాడు. ముక్కు మీద ఏదో పాకుతున్నట్టుంది. పోనిచ్చాడు. "ఉంటాను. ఇంతకాలం నన్ను పాదరసమన్నారు కదా. ఇవాళ నిజంగా పాదరసాన్నవుతాను. ఉన్నచోటే కూర్చుంటాను. మీ జోలికి ఏదీ రానివ్వను రాకుమారీ."

అతడు వేళాకోళానికి అనలేదని మంజీరకు తెలిసింది. పంజరం కమ్మీకి నుదురు ఆనించి అతడి వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు స్తంభం చాటున గంటలు మోగాయి, ఒకే ఒక్కసారి, మెత్తగా.

గందరగోళంలో అందరూ మరిచిపోయినవాడు ఒకడున్నాడు. రాజుకు దండం పెట్టాడు, రాణికి దండం పెట్టాడు, రెండో ప్రశ్నకు కూడా తల తిప్పాడు. ఆట అయిపోయింది. తెగిన సంచి సింహాసనం మెట్ల మీద బోర్లా పడి ఉంది, అందులో బెల్లం ఉందని అతడికి తెలియదు. బెల్లం ఎప్పుడూ ఆ మనిషి చేతిలోంచే వస్తుందని మాత్రం తెలుసు.

"సింగారయ్యా, వద్దు!" అంది మంజీర గుసగుసగా. "హై! ఇటు రా నాయనా, ఇటు!"

సింగారయ్య ఆమె మాట విన్నట్టు తలను ముందుకు ఊపాడు. ఆ తర్వాత ఏమాత్రం తొందర లేకుండా సింహాసనం మెట్లెక్కి, అచలుడి ముందు నిలబడి, గుర్తు చేయడానికి కొమ్ములు వంచాడు.